ఇతరములు

ముప్పై ఒక్క ఏళ్ళు తపాలా కౌంటర్ వెనకే కూర్చున్నాను.
ఈ దీవి నుంచి ఏ కవరూ
నా నాలుక తడి తగలకుండా సముద్రం దాటలేదు.
స్పాంజి ఉండేది, చిన్న గాజు గిన్నెలో. ముట్టుకునేదాన్ని కాదు.
తొందర, అలవాటు, కాస్త పొగరు.

ఇప్పుడు స్పాంజి వాడుతున్నాను.

దవడ కింద, ఉమ్మి ఊరే గ్రంథిలో
బఠాణీ గింజంత గడ్డ.
లెర్విక్‌లో కుర్ర డాక్టరు కాగితం అటూ ఇటూ తిప్పి
"చదువుకునేటప్పుడు ఒక పేజీలో చూశానండీ" అన్నాడు.
పోనీలే, ఒక పేజీ అయినా ఉంది
అనుకున్నాను.

రాత్రి ఓడలో అబర్దీన్ వెళ్ళాను.
కింద లారీల్లో గొర్రెలు, పైన నేను,
తెల్లవార్లూ ఎవరికీ నిద్ర లేదు.
కోశారు. తర్వాత ముప్పై మూడు రోజులు
జల్లెడలాంటి ముసుగు మొహానికి బిగించి
కిరణాలతో కాల్చారు.
ఆఖరి రోజు గంట కొట్టమన్నారు. కొట్టాను.
"ఇక మామూలు మనిషివి, ఓస్లా!"

మామూలు అంటే,
నోట్లో పెట్టుకున్న రొట్టె ఇసుక.
మాట మధ్యలో నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది.
పళ్ళు సుద్దముక్కల్లా విరుగుతాయి.
ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసంతో వదిన పులుసు కాస్తే
ఇంటిల్లిపాదికీ నోరూరుతుంది.
నాకు గుర్తొస్తుంది,
అంతే.

మంగళవారాలు చర్చి హాల్లో
కోలుకున్నవాళ్ళంతా కలుస్తారు. వెళ్ళాను.
తొమ్మిది మందికి రొమ్ము, ఇద్దరికి ప్రోస్టేటు.
మంచివాళ్ళు. టీ ఇచ్చారు, వెన్న బిస్కెట్టు ఇచ్చారు.
ఆ బిస్కెట్టు అరగంట చేతిలోనే పట్టుకున్నాను.
"ఐదేళ్ళు దాటితే గట్టెక్కినట్టే" అంది విలియమీనా
నా భుజం తడుతూ.
నాది ఐదేళ్ళ లెక్కకు లొంగేది కాదు.
పదిహేనో ఏట కూడా తలుపు తట్టగలదు,
పాత చిరునామాకే వచ్చే ఉత్తరంలా.
ఆ మాట ఆమెకెందుకు? తలూపాను.

గోడకి కరపత్రాల అర.
గులాబీవి, నీలంవి, ఊదారంగువి.
సంచి ఖాళీ చేసి ఉత్తరాలన్నీ గళ్ళలో సర్దాక
ఏ గడికీ చెందనిది ఒకటి మిగులుతుంది.
దాన్ని బల్ల అంచున నిలబెట్టేదాన్ని.
తలుపు దగ్గర కోటు వేసుకుంటూ
నేనూ అలాగే నిలబడ్డాను.

ఏ ఫారం ఇచ్చినా కింద చివరి గడి నాది:
ఇతరములు.
కొత్త డాక్టరు వచ్చినప్పుడల్లా
నా జబ్బు పేరు నేనే గుణింతం చెప్తాను.
"కాస్త నెమ్మదిగా" అంటారు, రాసుకుంటూ.

అబర్దీన్ నర్సు కిర్స్టీన్
ఇద్దరినీ అడిగి, ఒప్పించి, ఒక నంబరు ఇచ్చింది.
వేల్స్‌లో ఒకాయన. ఎమ్లిన్.
గొర్రెల సంతలో వేలం పాడతాడు.
నాలుగు రోజులు ఆ చీటీ గల్లాపెట్టెలో పెట్టుకుని తిరిగి
ఆదివారం చేశాను.

"ఏ వైపు?" అన్నాడు, హలో కూడా అనకుండా.
"ఎడమ."
"నాది కుడి. అయితే ఇద్దరికీ కలిపి
ఒక నోరు ఉన్నట్టే."
ఏడాదిన్నర తర్వాత కడుపారా నవ్వాను,
నోరెండి దగ్గొచ్చేదాకా.

మూడో పాట పాడేసరికి తనకు గొంతు కట్టేస్తుందట,
ధర చెప్పినవాళ్ళే కాదు, గొర్రెలు కూడా తనవైపే చూస్తాయట.
రొట్టెకి వెన్న రెండు వైపులా రాయమన్నాడు.
పన్ను పీకేముందు కిరణాల సంగతి
పళ్ళ డాక్టరుకి చెప్పి తీరాలన్నాడు,
ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు.
"స్కానుకి ముందు వారం నిద్రపోతావా?"
"లేదు."
"నేనూ అంతే. చెయ్యి, ఎన్ని గంటలకైనా."

మధ్యలో ఆయన మాట ఆగిపోయింది.
అటు గ్లాసు చప్పుడు. గుటక.
ఇటు నేనూ గ్లాసెత్తాను.
ఎవరూ సారీ చెప్పలేదు.